మూడు వందల నలభై వాట్లు

తెల్లదిబ్బ పాలెంలో ఎవరింటికి చుట్టం వచ్చినా నక్షత్రం కథ చెప్పకుండా పంపరు. రెండేళ్ల కిందట డిసెంబరు తుఫానులో, మధ్యాహ్నమే చీకటి పడి, తీరం పొడుగునా ఒక్క బల్బు వెలగనప్పుడు, తమ చర్చి గంటగోపురం మీది క్రిస్మస్ నక్షత్రం మాత్రం ఆరలేదని, ఆ వెలుగు చూసుకునే రెండు పడవలు ఒడ్డు చేరాయని చెబుతారు. కరెంటు లేకుండా ఎలా వెలిగిందని చుట్టం అడగాలి. అడక్కపోతే వీళ్లే గుర్తుచేసి అడిగిస్తారు. అప్పుడు రెండు చేతులూ ఆకాశం వైపు చూపిస్తారు. ఏటా డిసెంబరు అయిదున కూడిక పెట్టి ఒకరి తర్వాత ఒకరు లేచి ఇదే సాక్ష్యం చెప్పుకుంటారు. చెప్పగా చెప్పగా రెండు పడవలూ నాలుగయ్యాయి.

అసలు ఎలా వెలిగిందో తెలిసినవాడు పాలెంలో ఒక్కడే. మార్క్. ఊళ్లో కరెంటు పనులన్నీ అతనివే. ఈమధ్య ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు కూడా బిగిస్తున్నాడు. నక్షత్రం కథ ఎవరైనా మొదలుపెడితే చెప్పులు వెతుక్కుంటాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లను చూశాం. ఇతను ఎక్కడ తడుముకుంటానోనని భయపడి రెండేళ్లుగా చేతులు జేబుల్లోంచి తీయడం లేదు.

జరిగింది ఇదీ. ఆ పాలెంలో డిసెంబరు ఒకటిన వెలిగించిన నక్షత్రం కొత్త సంవత్సరం వచ్చేదాకా ఆరకూడదు. ఆరితే సంఘానికి కీడని పెద్దవాళ్ల పట్టింపు. బైబిల్లో అలాంటిది ఎక్కడా లేదు. పాస్టరు ప్రేమ్‌చంద్ అయ్యగారు కూడా లేదనే చెబుతారు. చెప్పి, గోపురం వైపు ఒకసారి చూసుకుంటారు. నక్షత్రం బాధ్యత మార్క్‌ది. ఆ ఏడు డిసెంబరు మొదటి మూడు రోజుల్లోనే కరెంటు నాలుగుసార్లు పోయింది. దాంతో చర్చి గోడ పక్కింట్లో, తన బాబాయి జక్రయ్య ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ మీద మార్క్ కన్ను పడింది.

జక్రయ్య ఇరవయ్యేళ్లు మార్టూరులో రాయి పాలిష్ పట్టాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, చివరి ఏడాది ఆక్సిజన్ మిషన్ పెట్టుకుంటే తప్ప గాలి ఆడేది కాదు. కరెంటు పోయినా ఆ మిషన్ ఆగకూడదనే ఇన్వర్టర్ పెట్టించారు. పెట్టింది కూడా మార్కే. అలాంటి బ్యాటరీని, సర్వీసు చేయించి రెండు రోజుల్లో తెచ్చిస్తానని పిన్ని రెబ్కాకు అబద్ధం చెప్పి, తెచ్చి గోపురం గదిలో పెట్టి, నక్షత్రానికి కలిపి తాళం వేశాడు.

అయిదో తారీకున ఒంటిగంటా పది నిమిషాలకు కరెంటు పోయింది. గుడిసెలు ఎగిరిపోయిన జనమంతా చర్చిలో చేరి ఉన్నారు. నక్షత్రం వెలుగుతూనే ఉండటం చూసి ఎవరో స్తోత్రం అన్నారు, అందరూ పాట ఎత్తుకున్నారు. మార్క్‌కి బాబాయి గుర్తొచ్చాడు. గుర్తు రాకపోయి ఉంటే ఈ కథే లేదు. బ్యాటరీ తీస్తే ఇంతమంది కళ్లముందు నక్షత్రం ఆరిపోతుంది. అరగంటలో కరెంటు వస్తుందిలే అనుకున్నాడు, అనుకుని పాట అందుకున్నాడు.

కరెంటు రాలేదు. మూడు కాకముందే జక్రయ్య పోయాడు. పక్కన రెబ్కా ఒక్కతే ఉంది. పడిన చెట్లు నరుక్కుంటూ అంబులెన్సు వచ్చేసరికి నాలుగూ యాభై. అందులో రెండు ఆక్సిజన్ సిలిండర్లున్నాయి. వాళ్లకి టార్చి పట్టుకుని దారి చూపించింది మార్కే. ఆ తర్వాత, బ్యాటరీ పూర్తిగా పాడైపోయింది, ఇంట్లో ఉన్నా పనిచేసేది కాదని పిన్నికి రెండో అబద్ధం చెప్పాడు. "దేవుని చిత్తం నాయనా" అంది ఆమె. ఆ మాట విన్నరోజు నుంచీ మార్క్‌కి అన్నం సయించలేదు.

అందుకే ఈ నవంబరులో పాలెంలో సోలార్ పథకం మొదలవగానే మొదటి పేరు రెబ్కాది రాయించాడు. కూలి పుచ్చుకోలేదు. ప్యానెళ్లు తనే భుజాన మోసి డాబా మీదికి ఎక్కించాడు. ఉప్పుగాలికి మామూలు బోల్టులు రెండు వర్షాకాలాలు ఆగవని స్టీలు బోల్టులు వేశాడు. వసారా గోడకి కొత్తరకం లిథియం బ్యాటరీ బిగించాడు. పాతదానికి రెండింతలు శక్తి దానిది. సొంత కొడుకు కూడా ఇంత చెయ్యడని ఊరు మెచ్చుకుంది. మెచ్చుకున్నప్పుడల్లా మార్క్ చేతులు జేబుల్లోకి పోయాయి.

బిగించిన మర్నాడు మధ్యాహ్నం మొదలైంది అసలు సంగతి. తీరం వెంట పాత స్తంభాలు మారుస్తుండటంతో ఆ నెల నుంచీ ఆదివారాలు తప్ప రోజూ ఒంటిగంట దాటాక కరెంటు తీసి ఆరింటికి ఇస్తున్నారు. బ్యాటరీ ఎంత ఉంది, ఇల్లు ఎంత వాడుతోంది అన్నీ మార్క్ ఫోన్లో కనిపిస్తాయి. వసారాలో నిలబడి చూస్తున్నాడు. ఇల్లు అరవై వాట్లు వాడుతోంది. అది ఫ్రిజ్. కరెంటు పోయింది. అంకె నాలుగు వందలకి ఎగిరింది.

పంపు వేశారేమోనని చూశాడు. లేదు. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేశాడు, ప్లగ్గులు పీకేశాడు, ఆఖరికి ఫ్రిజ్ కూడా. అరవై తగ్గి, మూడు వందల నలభై మిగిలింది. అప్పుడు మెయిన్ బోర్డులో గదికొకటి చొప్పున ఉన్న స్విచ్చులు ఒక్కోటీ దించుతూ వచ్చాడు. నడిమి గది స్విచ్చి దించగానే అంకె సున్నా అయింది. ఎత్తితే మళ్లీ మూడు వందల నలభై.

నడిమి గదిలో నవారు మంచం ఒకటే ఉంది, చుట్టిన పరుపుతో. మంచం పక్కన గోడకి సాకెట్టు ఖాళీగా ఉంది. దానికి తగిలించి ఉండాల్సిన ఆక్సిజన్ మిషన్‌ని జక్రయ్య పోయిన వారానికే ఒంగోలులో ఇంకో రోగికి ఇచ్చేశారు. మార్క్ ఆ సాకెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది, చాలాసేపటి నుంచి ఏదో నడుస్తున్నట్టు. ఆ అంకె అతనికి కొత్త కాదు. మిషన్‌ని ఇన్వర్టర్‌కి కలిపిన రోజు ఎంత లాగుతుందో తనే కొలిచాడు. మూడు వందల నలభై.

"ఏమన్నా తేడాగా ఉందా అబ్బాయ్?" అంది రెబ్కా గుమ్మంలోంచి.

ఏం లేదు, సెట్టింగు అన్నాడు. ఫోను చేతిలో పట్టుకుని వసారాలోనే కూర్చున్నాడు. నాలుగూ యాభైకి, ఎవరూ ఏదీ ముట్టుకోకుండానే, అంకె అరవైకి పడిపోయింది. ఒంటిగంటా పది నుంచి నాలుగూ యాభై దాకా. ఆ రోజు బ్యాటరీ ఇంట్లో ఉంటే మిషన్ ఎంతసేపు నడవాల్సిందో అంతసేపూ.

ఒంగోలులో సోలార్ కంపెనీ ఇంజినీరు చైతన్యకృష్ణకి ఫోను చేశాడు. అతనికి తెలియని జబ్బు లేదు, చూడకుండానే మందు చెబుతాడు. ఉప్పుగాలికి పాత వైర్లు నాని లీకవుతోంది, గది వైరింగ్ మార్చెయ్యి అన్నాడు. మార్క్ ఆ గదికి కొత్త వైరు లాగాడు. మర్నాడు ఒంటిగంటా పదికి మళ్లీ అదే అంకె. మీ పిన్ని చాటుగా హీటరు పెట్టుకుంటోందేమో చూడవయ్యా అని చైతన్యకృష్ణ నవ్వాడు. రోజూ నాలుగూ యాభైకి ఆపే హీటరా అని మార్క్ అడగలేదు. ఎవరూ ఉండని గదేగా, స్విచ్చి దించేసి హాయిగా ఉండమని సలహా ఇచ్చి అతను ఫోను పెట్టేశాడు.

మార్క్ స్విచ్చి దించాడు. ప్యానెళ్ల మీద పేరుకున్న ఉప్పు తుడవడానికి డాబా ఎక్కాడు. రెండు గంటలవుతుంటే కింద దగ్గు వినిపించింది. పొడి దగ్గు. మూడు తెరలు వచ్చి, ఆ తర్వాత గాలి కోసం ఈల వేసినట్టు లాగడం. పాలెంలో ఆ దగ్గు తెలియనివాళ్లు లేరు, రెండేళ్ల కిందటిదాకా అది విని టైము చెప్పేవాళ్లు. మార్క్ చేతిలో గుడ్డ జారిపోయింది. నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలియదు.

రెబ్కా మెయిన్ బోర్డు ముందు నిలబడి ఉంది. నెత్తళ్లు శుభ్రం చేస్తూ లేచొచ్చినట్టుంది, చేతులకి పొలుసు అంటుకుని ఉంది.

"ఎవరు దించారు దీన్ని?"

"నేనే పిన్ని."

"ఎత్తు."

ఎత్తాడు. నడిమి గదిలో, ఇన్నాళ్లూ అతనికి వినిపించని మోత గుర్రుమని మొదలైంది. ఆ మోత లోపల, మిషన్ సీసాలో నీళ్లు ఉడికినట్టు బుడబుడ. తలుపు తెరిచే ఉంది. గదిలో మంచం, ఖాళీ సాకెట్టు తప్ప ఇంకేమీ లేవు. దగ్గు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. రెబ్కా చెవి ఒగ్గి విని, చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

మొదటి రోజే విన్నానని చెప్పింది. భయం వెయ్యలేదట. కట్టుకున్నవాడి ఊపిరికి ఎవరైనా భయపడతారా అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ తర్వాత మార్క్ భుజం మీద చెయ్యి వేసి ఒక మాట అంది.

"నువ్వు ఈ బ్యాటరీ పెట్టబట్టే ఆయనకి గాలి ఆడుతోంది మార్కూ. నీ మేలు చచ్చినా మర్చిపోను."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదని మార్క్‌కి తెలుసు. నోరు తెరిచాడు కూడా. చెబితే ఈ చెయ్యి భుజం మీద ఉండదు, ఈ గుమ్మం తనకి ఉండదు, ఊరికి నక్షత్రం ఉండదు. ఉంటాను పిన్ని అని మాత్రం అని వెళ్లిపోయాడు.

నవంబరు ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఒక సంగతి కదిపారు. ఈ ఏడు కరెంటు కోతలు ఎక్కువగా ఉన్నాయి, రెబ్కమ్మగారింట్లో పెద్ద బ్యాటరీ ఉంది, గోడవతలే కాబట్టి ఒక వైరు లాగితే నక్షత్రానికీ మైకుకీ దిగులుండదు అన్నారు. దేవుని పనికి అడిగితే లేదనే అలవాటు ఆ పాలెంలో ఎవరికీ లేదు. రెబ్కా సంతోషంగా లేచి నిలబడి సరే అంది. అందరూ మార్క్ వైపు చూశారు. వద్దనడానికి ఒక్కటే కారణం ఉంది, అది అతను చెప్పలేడు. రెండేళ్ల కిందట బ్యాటరీని తీసుకెళ్లాల్సి వచ్చింది, ఇప్పుడు వైరు లాగితే చాలు. లాగాడు.

డిసెంబరు ఒకటిన కొత్త నక్షత్రం వెలిగింది, పాతదానికంటే పెద్దది, చుట్టూ సీరియల్ లైట్లు. మర్నాడే మార్క్‌కి కనిగిరిలో పని తగిలింది. మూడు రోజులు అక్కడే ఉండిపోయాడు. ఆ మూడు రోజులూ సముద్రంలో వాయుగుండం పట్టి ఎండ పొడ లేదు. బిల్లు సున్నా రావాలని చైతన్యకృష్ణ ఆ బ్యాటరీని ఎండతోనే నిండేలా పెట్టించాడు. నక్షత్రం మాత్రం కరెంటు పోయినప్పుడల్లా తింటూనే ఉంది. మార్క్ ఫోనులో చూసి ఉండొచ్చు. చూస్తే నడిమి గది గుర్తొస్తుందని చూడలేదు.

అయిదో తారీకు మధ్యాహ్నం సాక్ష్య కూడికకి తిరిగొచ్చాడు. మబ్బులు గోపురానికి తగిలేంత కిందికి దిగాయి, మధ్యాహ్నమే దీపాల వేళలా ఉంది. చర్చి నిండింది. రెబ్కా రాలేదు, ఒంటిగంట దాటితే ఆమె ఇల్లు కదలడం మానేసింది. మైకు గోపురం మీది హారన్లకి కలిపి ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నవాళ్లకీ ప్రతి మాటా వినిపిస్తుంది. ఒంటిగంటా పదికి కరెంటు పోయింది. నక్షత్రం ఆరలేదు. జనం స్తోత్రం అన్నారు, పాట ఎత్తుకున్నారు, అదే పాట.

మార్క్ ఫోను తీశాడు. బ్యాటరీ ముప్పై ఎనిమిది శాతం. ఇరవైకి దిగితే అది తనంతట తాను కట్టేసుకుంటుంది. నక్షత్రం, లైట్లు, మైకు కలిసి నాలుగు వందలు. ఫ్రిజ్ అరవై. దాని పక్కన మూడు వందల నలభై. ఇలా అయితే గంటకి మించి రాదు. మొదటి సాక్ష్యం మొదలైంది. పడవలు ఈసారి అయిదు. ముప్పై నాలుగు. కరెంటు వాళ్లకి ఫోను చేస్తే ఆరింటికే అన్నారు. ముప్పై. ఎవరో తలుపు దగ్గరికి వెళ్లి చూసొచ్చి, ఇంకా వెలుగుతోందని గట్టిగా చెప్పారు. ఇరవై ఏడు. కాసేపట్లో మైకే ఆగిపోతుంది, తనేమీ చెప్పక్కర్లేకుండానే అంతా అయిపోతుంది అనుకున్నాడు మార్క్. అనుకున్నాక, ఆ రోజు అరగంట అనుకున్నది కూడా ఇలాగే అనుకున్నానని తోచింది.

లేచి గోపురం గదిలోకి వెళ్లి నక్షత్రం వైరు పీకేశాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నవాళ్లు ఒక్కసారి మూలిగారు. తిరిగొచ్చి, మాట్లాడుతున్న ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మైకు తినేది కూడా బాబాయి ఊపిరే కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు.

"ఆ రోజు నక్షత్రాన్ని దేవుడు వెలిగించలేదండి. నేను వెలిగించాను. జక్రయ్య బాబాయి ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చి పెట్టాను. ఆయన ఊపిరాడక పోతున్నప్పుడు నేను ఇక్కడ పాట పాడుతున్నాను."

మైకు వైరు కూడా పీకి పడేశాడు. అయ్యగారు ఏదో అనబోయి కూర్చున్నారు. చర్చిలోంచి వీధిలోకి నడుస్తుంటే, రెండేళ్లలో మొదటిసారి తన చేతులు జేబుల్లో లేవని మార్క్‌కి తెలిసింది.

రెబ్కా నడిమి గదిలో మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. పరుపు పరిచి ఉంది. మిషన్ మోత, నీళ్ల బుడబుడ గది నిండా ఉన్నాయి. ఆమె తలెత్తలేదు. అన్నీ విన్నదని ఆమె వీపు చెబుతోంది.

"ఇంకా ఎంతసేపొస్తుంది?" అని అడిగింది.

ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి వచ్చి ఫోను చూశాడు. ఇరవై నాలుగు.

"అరగంట పిన్ని."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని అదేమిటో అతనికి అర్థం కాలేదు. ఎక్కడన్నా బ్యాటరీ దొరుకుతుంది, పరిగెత్తి తెస్తానని గుమ్మం వైపు తిరిగాడు.

"బ్యాటరీ అని వెళ్తే నువ్వు తిరిగి రావు" అంది రెబ్కా. గొంతులో కోపం కూడా లేదు. "కూర్చో. ఆ రోజు నేనొక్కదాన్నే ఉన్నాను."

కింద కూర్చున్నాడు. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక చూశాడు: ఆమె కుడిచెయ్యి పరుపు మీద ఒకే చోట గుండ్రంగా రాస్తోంది, రొమ్ము రాసినట్టు. ఆ చోట పరుపు కుంగి ఉంది. తలగడ మధ్యలో కూడా గుంట ఉంది. ఇరవై మూడు. ఇరవై రెండు. చర్చి నుంచి ఏ చప్పుడూ లేదు. వానచినుకు డాబా మీది ప్యానెళ్లకి తగిలి టపటపమంటోంది. ఇరవై ఒకటి దగ్గర అంకె చాలాసేపు ఆగింది. దేవా, కరెంటు ఇవ్వమని మార్క్ నిజంగా ప్రార్థన చేశాడు. ఈసారి ఎవరో వినాలని కాదు, పైకి చెయ్యనే లేదు.

వసారాలో బ్యాటరీ టక్కుమని కట్టేసుకుంది. మోత ఆగింది. నీళ్ల బుడబుడ ఇంకో నాలుగు బుడగలు వచ్చి ఆగింది.

ఆ తర్వాతది మార్క్ ఎవరికీ చెప్పలేదు. దగ్గు విన్నాడు, ఈల విన్నాడు, ఈల పొడుగయ్యేకొద్దీ మధ్యలో ఎడం పెరగడం విన్నాడు. లేచి పారిపోవాలనుకున్నాడు, రెబ్కా ఎడమచెయ్యి అతని మణికట్టు పట్టుకుని ఉంది. ఆమె ఏడవలేదు. అయిపోయింది, అయిపోయింది అని మంచానికి చెబుతూనే ఉంది. కాసేపటికి పరుపు మీది గుంట మెల్లగా పైకి లేచి సమమైంది. తలగడ కూడా. ఆమె చెయ్యి రాయడం ఆపింది.

గోడ గడియారంలో మూడు కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. అప్పుడూ ఇంతే అంది రెబ్కా. మణికట్టు వదిలేసి, పరుపు చుట్టి, మంచం గోడకి నిలబెట్టింది.

"నక్షత్రం దించెయ్. ఇక వెళ్లు" అంది.

మర్నాడు మబ్బు విడిచింది. కడిగినట్టున్న ఎండ. మధ్యాహ్నానికి బ్యాటరీ నూరు శాతం నిండింది. మార్క్ తన ఇంటి అరుగు మీద ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పాలెంలో అతని గుమ్మం తొక్కడానికి ఎవరూ రాలేదు, అతనూ ఎవరినీ పిలవలేదు. ఒంటిగంటా పదికి కరెంటు పోయింది. రెబ్కా ఇల్లు అరవై వాట్లు వాడుతోంది. ఇన్నాళ్లూ ఏ అంకె చూసి హడలిపోయాడో దాని కోసం కళ్లు కాయలు కాసేలా చూశాడు. రెండయింది, మూడయింది. ఒక్క దగ్గు చాలు, ఏ చప్పుడయినా చాలు అనుకున్నాడు. నాలుగూ యాభై దాటి, ఆరయి, కరెంటు వచ్చేదాకా చూశాడు. అరవై దగ్గర అంకె కదల్లేదు.